దర్జీ గారి మతిమరుపు పరీక్ష

దర్జీ గారు అరవై ఎనిమిదో ఏట తొలిసారి దొంగతనానికి దిగాల్సి వచ్చింది. అదీ సొంత ఇంట్లో, సొంత చాక్లెట్లు.

దీనికంతటికీ కారణం ఒక కాగితం ముక్క. ఆయన భార్య బడికి వెళ్లింది రెండో తరగతి దాకానే. ఆ తర్వాత చదువంతా పొట్లాల కాగితాల మీదే సాగింది. మిరియాల పొట్లం విప్పితే మిరియాలు పక్కన పెట్టి ముందు కాగితం చదివేది. అందుకే వీధిలో అందరూ ఆవిడను పొట్లాల పండితురాలు అనేవారు. ఒకరోజు అలాంటి పొట్లం కాగితమే పట్టుకుని ఆయన మిషను దగ్గరికి వచ్చింది.

"ఏమండీ, పోయిన నెల డాక్టరమ్మ మీకుందన్న ఇన్సులిన్ రెసిస్టెన్స్ గురించి ఇందులో రాశారు. ఒంట్లో ఇన్సులిన్ ఉంటుందట, ఒళ్లు మాత్రం దాని మాట వినదట."

"ఉండీ వినకపోవడమేమిటే?"

"మీకు చెవులున్నాయి. నా మాట వింటున్నారా? అలాగే."

దర్జీ గారు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించారు.

"దానికీ, మతిమరుపు జబ్బుకీ సంబంధం ఉందేమోనని పెద్ద పెద్దవాళ్లు వెతుకుతున్నారట."

"వెతకనీ. దొరికాక చూద్దాం."

"దొరికేసరికి మీరు నన్ను చూసి, ఎవరమ్మా, కొలతలివ్వడానికి వచ్చారా అంటారు!"

ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఆవిడ తల్లికి చివరి రెండేళ్లూ కూతురెవరో తెలియలేదు. సాయంత్రమయ్యేసరికి, "పొద్దుపోతోంది, మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, ఇంటికి వెళ్లు తల్లీ" అని ఆ కూతురినే సాగనంపేది. మనిషి ఎదురుగా కూర్చునే దూరమైపోవడం ఎలా ఉంటుందో ఆవిడకు తెలుసు.

ఆ రోజే పంచదార డబ్బా అటకెక్కింది. టీ చప్పబడింది. చాక్లెట్లకు ఇంట్లో చోటు లేకుండా పోయింది.

ఇంట్లో లేకపోతేనేం, కోట్లలో ఉంది. కుట్టడం పూర్తయి ముందుగదిలో వేలాడే కోట్ల లోపలి జేబుల్లో దర్జీ గారు చాక్లెట్లు దాచారు. పరాయివాళ్ల జేబులో చెయ్యి పెట్టడం ఆవిడ దృష్టిలో మహాపాపం. కాజాలు కుడుతూ కుడుతూ లేచి, "లైనింగు సరిగా పడిందో లేదో" అనుకుంటూ జేబులో వేళ్లు పెట్టేవారు. ఆ తర్వాత కాసేపు ఏం అడిగినా తల ఊపేవారే తప్ప నోరు తెరిచేవారు కాదు.

పదకొండు రోజులు బాగానే గడిచాయి. పన్నెండో రోజున బ్యాండు మాస్టారు వచ్చాడు.

"కచేరీ మధ్యలో రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టానండీ. వేళ్లన్నీ చాక్లెట్టు! ఆ వేళ్లతోనే బాకా పట్టుకున్నాను. నొక్కిన మీట మళ్లీ లేస్తేగా!"

ఆయన వెనకాలే పళ్ల డాక్టరు. తీపి మానమని రోగికి గట్టిగా చెబుతుండగా ఆయన జేబులోంచే మూడు చాక్లెట్లు రాలాయట.

వాళ్లు వెళ్లాక భార్య తిడుతుందని దర్జీ గారు తల వంచుకుని సిద్ధమయ్యారు. ఆవిడ తిట్టలేదు. మిషను పక్కనున్న పీట మీద కూలబడింది.

"దాచారు, సరే. తియ్యడం మర్చిపోయారు. మొదలైపోయిందండీ."

"పని హడావిడిలో పొరపాటేనే!"

"రేపే డాక్టరమ్మ దగ్గరికి. మతిమరుపు పరీక్ష చేయించాల్సిందే."

"నెగ్గితే టీలో రెండు చెంచాలు వేస్తావా?"

"నెగ్గండి. రెండున్నర వేస్తాను."

సాయంత్రం దర్జీ గారు గడ్డం వంకతో సెలూనుకు వెళ్లారు. సెలూను ఆయన పోయిన వారమే అదే డాక్టరమ్మ దగ్గర అదే పరీక్ష గట్టెక్కాడు.

"మూడు మాటలు చెబుతుంది. కాసేపు అవీ ఇవీ అడిగి, మళ్లీ ఆ మూడూ చెప్పమంటుంది. గొడుగు, రైలు, బంతి. అంతే!"

దర్జీ గారు ఇల్లు చేరేదాకా అదే జపం.

మర్నాడు డాక్టరమ్మ అంది: "తాతగారూ, మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. అద్దం, పిల్లి, నిచ్చెన."

దర్జీ గారు వినలేదు. బట్టీ పట్టి వచ్చిన మనిషికి వినే పనేముంది? వందలోంచి ఏడేసి తీసేయమంటే, కొలతల టేపు తిరగేసి చదివినట్టు గడగడా తీసేశారు.

"ఇందాకటి మూడు మాటలు?"

ఆయన గొంతు సవరించుకున్నారు. "గొడుగు! రైలు! బంతి!"

అని, గెలిచినవాడిలా భార్య వంక చూశారు. ఆవిడ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఒళ్లోని సంచి జారి కింద పడింది.

"నేనెవరో చెప్పండి" అంది.

"నువ్వెవరేమిటే?"

"చెప్పండి ముందు!"

ఆ గొంతు విన్నాక దర్జీ గారికి అబద్ధం నోట రాలేదు. సెలూను సంగతంతా కక్కేశారు. డాక్టరమ్మ చాలాసేపు కళ్లజోడు తుడుచుకుంది. భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి.

"అమ్మా, మీరు చదివింది అబద్ధమూ కాదు, తీర్పూ కాదు" అంది చివరికి. "సంబంధం ఉండవచ్చంటున్నారు. ఎంతవరకో ఇంకా తేలలేదు. తీపి తిన్నవాళ్లందరికీ మతి పోదు. కానీ తీపి తగ్గించి రోజూ నడిస్తే ఒంటికి మంచిది, మెదడుకూ మంచిదే కావచ్చు. సరే, ఈసారి ఇద్దరికీ పరీక్ష. కుండ, వంతెన, ఈక."

కాసేపటికి దర్జీ గారు మూడూ చెప్పేశారు.

"కుండ... వంతెన..." అని ఆవిడ ఆగింది. పైకప్పు వంక చూసింది. "ఏమోనమ్మా, మూడోది గుర్తు రావట్లేదు."

"కంగారులో ఒకటి పోవడం మామూలే" అంది డాక్టరమ్మ. ఆ మాట దర్జీ గారి చెవిదాకా రాలేదు.

ఇంటికి రాగానే కోట్ల జేబులన్నీ ఆయనే దులిపారు. మర్నాటి నుంచి ఆవిడకంటే ముందే లేచి చప్పటి టీ పెట్టడం, చెయ్యి పట్టుకుని నడకకు తీసుకెళ్లడం, దారంతా ప్రశ్నలు.

"ఈ ఇల్లెవరిది?"

"పళ్ల డాక్టరుది."

"మన పెళ్లికి నేను ఏ రంగు చొక్కా వేసుకున్నాను?"

"నీలం. కాలరు వంకర. మీరే కుట్టుకున్నారు."

అయినా ఆయనకు ధైర్యం చాలలేదు. ఎనిమిదో రోజు పొద్దున ఆవిడ లేచేసరికి టీ గ్లాసుతో ఎదురుగా నిలబడ్డారు. చొక్కా జేబు మీద ఎర్రదారంతో గుండ్రటి అక్షరాలు కుట్టి ఉన్నాయి: 'మీ ఆయన'.

"ఏమిటండీ ఇది?"

"ఎప్పుడైనా... ఒకవేళ... నువ్వు తడుముకోకుండా..." అంటూ ఆయన టీ గ్లాసు ముందుకు చాచారు.

ఆవిడ గ్లాసు అందుకుని పక్కన పెట్టేసింది. ఆ అక్షరాలను వేలితో ఒక్కొక్కటే తడిమింది.

"నాకన్నీ గుర్తున్నాయి. ఆ మూడో మాట కూడా."

"మరి డాక్టరమ్మ దగ్గర?"

"కావాలనే చెప్పలేదు. నేను మోస్తున్న భయం ఎంత బరువో మీరూ ఒక్క వారం మోసి చూడాలనిపించింది. ఇంతలా మోస్తారనుకోలేదు."

"అయితే ఆ మాటేదో చెప్పు చూద్దాం."

"డాక్టరమ్మ బల్ల మీద నాలుగు పెన్నులు, అందులో ఒకదానికి మూత లేదు. గోడ మీద క్యాలెండరు ఇంకా పోయిన నెలలోనే ఉంది. ఇంకేం కావాలన్నా చెబుతాను. ఆ మాట మాత్రం చెప్పను."

"ఎందుకే?"

"చెబితే రేపటి నుంచి మీరు నడకకు రారు. పదండి, ఎండెక్కుతోంది."

ఆయన గొణుక్కుంటూ చొక్కా మార్చుకోబోయారు. ఆవిడ మార్చుకోనిస్తేగా! ఆ పొద్దున వీధి వీధంతా దర్జీ గారి జేబు చదివింది.