వెనక సీట్లో కిర్రు

శనివారం ఉదయం ఏడున్నరకి వాల్టర్ క్నైస్లే వేసుకున్న పథకంలో మూడే పనులున్నాయి. తొమ్మిదికల్లా కారులో ఇంజన్ ఆయిల్ మార్చడం, పదిన్నరకల్లా వెనక సీటు బోల్టులు బిగించడం, పన్నెండుకల్లా చేతులు కడుక్కుని భోజనానికి కూర్చోవడం. పన్నెండు దాటాక సుత్తి చప్పుడు వినిపిస్తే ఆ వీధిలో ఎవరూ పల్లెత్తు మాట అనరు. కిటికీ తెర బెత్తెడు పక్కకు జరుపుతారు, అంతే. దానికన్నా నాలుగు తిట్లు తిట్టడమే నయమని వాల్టర్ అభిప్రాయం. మర్నాడు ఆదివారం, పనిముట్టు ముట్టుకోవడానికి లేదు. పైగా ఆ ఆదివారానికి వాళ్ళ నాన్న ఓట్మార్‌కి ఎనభై ఆరేళ్ళు నిండుతాయి. ఆయన్ని ఆ కారు వెనక సీట్లో కూర్చోబెట్టి చర్చికి తీసుకెళ్ళాలి. వాల్టర్ నాలుగేళ్ళుగా ఇంటి ముందు పడుతున్న పాట్లన్నీ అందుకే.

ఆ కారుని దక్షిణ జర్మనీలో స్వాబియా కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో ఎవరూ దాని అసలు పేరుతో పిలవరు. డైరెక్టరుగారి బండి అంటారు. నల్లటి పొడుగాటి కారు, లోపల తేనెరంగు తోలు సీట్లు. బనీన్ల ఫ్యాక్టరీ డైరెక్టరు సౌటర్‌గారు ఇరవై మూడేళ్ళు దాని వెనక సీట్లో కూర్చున్నారు. ఇరవై మూడేళ్ళూ ముందు కూర్చుని నడిపినవాడు ఓట్మార్. రోజూ పొద్దున్న ఫ్యాక్టరీ మలుపు దగ్గర డైరెక్టరుగారు, "ఓట్మార్, వెనక ఏదో కిర్రుమంటోంది" అనేవారు. "ఏమీ అనడం లేదు, డైరెక్టరుగారూ" అనేవాడు ఓట్మార్. ఇంజన్ చప్పుడు విని ఏ సిలిండరు అలిగిందో చెప్పగలిగిన మనిషి ఆయన. తనకు వినపడని కిర్రు తన బండిలో ఉందంటే ఎలా ఒప్పుకుంటాడు? ఒకసారి డైరెక్టరుగారు విసిగిపోయి, బండి ఆపి వెనక్కి వచ్చి కూర్చుని వినమన్నారు. డ్రైవరు చోటు ముందు అని ఓట్మార్ జవాబు చెప్పాడు. ఓట్మార్ రిటైరైన రోజున ఇద్దరూ చేతులు కలిపారు గాని కలిసి కాఫీ తాగలేదు.

ఆ తర్వాత డైరెక్టరుగారు పోయారు. పోతూ ఆ కారుని ఓట్మార్ పేర రాసి, కింద ఒక ముక్క చేర్చారు: "ఒక్కసారి వెనక కూర్చో." ఓట్మార్ ఆ కాగితం చదివి, మడిచి, బండిని షెడ్డులోకి తోయించి, మీద టార్పాలిన్ కప్పించాడు. ఇది తొమ్మిదేళ్ళ కిందటి మాట. నాలుగేళ్ళ కిందట వాల్టర్ బయటికి తీసేదాకా దాని మొహం చూడలేదు. చచ్చిపోయినవాడితో వాదన ఎలా గెలవాలో ఆయనకు తోచలేదు. ఈమధ్య ఆయన మాటలే తగ్గించాడు. కంటి ఆపరేషన్ తర్వాత లైసెన్సు కూడా తిరిగి ఇచ్చేశాడు. కాని ఒక్కో రోజు సూప్ తాగుతూ తాగుతూ చెంచా ఆపి, ఎవరూ అడక్కుండానే, "ఏమీ అనలేదది" అనేవాడు. 

అందుకని వాల్టర్ ఆ బండిలో కిర్రుమనడానికి అవకాశమున్న ప్రతి రబ్బరూ, ప్రతి స్ప్రింగూ, ప్రతి కీలూ తీసి కొత్తవి వేశాడు. నాన్న వెనక కూర్చుంటాడు, ఏమీ వినపడదు, ఇరవై మూడేళ్ళ మాట నిలబడుతుంది. నాన్నని వెనక సీట్లో కూర్చోబెట్టడం ఎలా అన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఎప్పుడు అడిగినా నా చోటు ముందు అనే అంటున్నాడు. ఆయన పెట్టిన షరతు ఒకటే, డైరెక్టరుగారి బండి మీద బయటివాడి చెయ్యి పడకూడదు. అందువల్ల ఆయిల్ కూడా ఇంట్లోనే మార్చాలి.

ఇక్కడే వాల్టర్‌కి కొంచెం ఇబ్బంది. ఊరి అగ్నిమాపక దళంలో అతను ఇరవై ఆరేళ్ళుగా స్వచ్ఛంద సభ్యుడు. దయచేసి ఇళ్ళ దగ్గర ఇంజన్ ఆయిల్ మార్చకండి, ఒక్క చుక్క కాలవలో పడితే ఏమవుతుందో తెలుసా అంటూ ప్రతి వసంతంలో సంఘం హాల్లో బొమ్మలు చూపించి ఉపన్యాసం ఇచ్చేది అతనే. అయితే ఆ ఉపన్యాసం తెలియనివాళ్ళ కోసమనీ, తెలిసినవాడు జాగ్రత్తగా చేసుకుంటాడనీ మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

సాయానికి పక్కింటి యెన్స్ పెటర్సన్ వచ్చాడు. ఉత్తరాన హాంబర్గ్ మనిషి, ఆ ఊరొచ్చి మూడు నెలలైంది. ఆరడుగుల పైన ఉంటాడు, ఏ పని చెప్పినా కాదనడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. మీరు అనడం మానేసి నువ్వు అనుకుందామని ఇద్దరూ కిందటి వారమే బీరు మీద ఒప్పందానికి వచ్చారు.

ముఖం వీధివైపుగా కారు వాలు మీద నిలబడి ఉంది. నాలుగేళ్ళలో వాల్టర్ దాని కింద దూరడానికి సరిపడా సన్నబడ్డాడు. వెల్లకిలా దూరి, బిరడా తీసి, ఏడు లీటర్ల పాత ఆయిల్‌ని వెడల్పాటి ట్రేలోకి వదిలాడు. ట్రే అంచుదాకా నిండింది. వాలు కదా, మెల్లిగా వీధివైపు జారడం మొదలుపెట్టింది. వాల్టర్ రెండు చేతులూ బిరడా మీద ఉన్నాయి.

"యెన్స్, హేబ్" అన్నాడు.

స్వాబియాలో హేబ్ అంటే పట్టుకో అని. పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. స్వాబియా దాటితే మిగతా జర్మన్లందరికీ హేబ్ అంటే ఎత్తు అని. యెన్స్ మంచి మనిషి కాబట్టి వెంటనే రెండు చేతులతో ఎత్తాడు. ట్రే బంపరు అడుగున కొట్టుకుని తిరగబడింది. ఏడు లీటర్లలో ఒక లీటరు వాల్టర్ జుట్టుకు అందింది, మిగతాది వీధి కాలవ దారి పట్టింది.

"హేబ్ అన్నాను కదయ్యా" అన్నాడు వాల్టర్ కింద నుంచి.

"ఎత్తాను కదా" అన్నాడు యెన్స్. ఇద్దరికీ అవతలివాడు అన్యాయంగా మాట్లాడుతున్నాడనిపించింది. విడమరచి చెప్పుకునే తీరిక ఎవరికీ లేదు.

ఆయిల్ పీల్చే పొడి బస్తా కోసం వాల్టర్ షెడ్డులోకి పరిగెత్తాడు. చప్పుడుకి అతని భార్య గేర్‌లిండె పిండి చేతులతో మేడమీద కిటికీలోకి వచ్చింది. సంగతి చూసి, కాలవ మీద పాత టెప్పిష్ ఏదైనా వేసెయ్యమని యెన్స్‌కి కేక వేసి మళ్ళీ పిండి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆవిడ ఉద్దేశంలో టెప్పిష్ అంటే దుప్పటి. స్వాబియాలో అంతే. యెన్స్ పెరిగిన ఊళ్ళో టెప్పిష్ అంటే తివాచీ. శనివారం కాబట్టి ఇంట్లో తివాచీ దులిపి మెట్ల కటకటాల మీద ఆరేసి ఉంది. గేర్‌లిండె అమ్మమ్మ పెళ్ళినాటి ఎర్ర ఉన్ని తివాచీ అది. చూడబోతే పాతదే. యెన్స్ దాన్ని తెచ్చి కాలవ మూత మీద పరిచి, మంచి పని అని బూటుకాలితో నాలుగువైపులా అదిమాడు.

రెండోసారి కిటికీలోకి వచ్చిన గేర్‌లిండె తెర కొంచెం జరిపింది. మూడు నెలల్లో ఆ తెర భాష ఒక్కటి యెన్స్‌కి బాగా వచ్చింది. ఎక్కడో పొరపాటు జరిగిందని అర్థమై, బుద్ధిమంతుడైన పౌరుడు చెయ్యవలసిన పని చేశాడు. ఫోను తీసి అగ్నిమాపక దళాన్ని పిలిచి, వీధి పేరూ ఇంటి నెంబరూ తప్పు లేకుండా చెప్పాడు.

పొడి బస్తా భుజాన వేసుకుని వస్తున్న వాల్టర్ నడుముకున్న పేజర్ మోగింది. ఇరవై ఆరేళ్ళ అలవాటు. అది మోగితే అతను చదవడు, ఆలోచించడు, పరిగెత్తుతాడు. బస్తా అక్కడే కింద పడేసి, సైకిలెక్కి, మూడు వీధుల అవతల స్టేషనుకి మూడు నిమిషాల్లో చేరి, జుట్టు మీద ఆయిల్ ఉండగానే హెల్మెట్ పెట్టుకుని ఫైరింజన్ ఎక్కాడు. తన ఇంటి ముందు ఆయిల్ పారుతుంటే ఎవరింటికో పోవలసి వచ్చిందని దారిలో బాధపడ్డాడు కూడా. అప్పుడు దళపతి ఫ్రీడర్ మాస్ట్ కాగితం చూసి వీధి పేరు చదివాడు, ఇంటి నెంబరు చదివాడు. బండిలో ఉన్న ఐదుగురూ వాల్టర్ వైపు తిరిగారు. చెవి పక్కనుంచి ఆయిల్ చుక్క ఒకటి మెల్లిగా కాలరు మీదికి దిగుతోంది.

"ఉపన్యాసం బాగానే పనిచేస్తోంది" అన్నాడు మాస్ట్.

ఇంటి ముందు దిగాక మాస్ట్ ఫారం తీసి, కారణం ఏమిటని అడిగాడు. వాల్టర్ తల వంచుకుని, "హేబ్ అన్నాను" అన్నాడు. మాస్ట్ యెన్స్‌ని పైనుంచి కిందిదాకా చూసి, ఉత్తరాది మనిషా అని అడిగి, ఆ మాటే ఫారంలో రాసుకున్నాడు. కారు కింద పొడి చల్లాలంటే ముందు కారుని పైకి తోయాలన్నాడు. వాల్టర్ కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు పట్టుకున్నాడు. మిగతావాళ్ళు బంపరుకి చేతులు ఆనించారు.

అదే సమయానికి ఓట్మార్ బయటికి వచ్చాడు. డైరెక్టరుగారి బండి మీద ఒక్కసారిగా అన్ని చేతులు పడేసరికి ఆగలేకపోయాడు. ఉన్ని చెప్పులతోనే, బంపరుకి గీత పడిందేమో చూద్దామని, నేరుగా ఆయిల్‌లోకి అడుగు వేశాడు. ఒక కాలు జారింది. స్టీరింగు వదిలితే కారు వాలులో అడ్డం తిరిగిపోతుంది, వదలకపోతే నాన్న పోతాడు. 

"యెన్స్, నాన్నని హేబ్" అని వాల్టర్ అరిచాడు.

యెన్స్ ఎత్తాడు. ఎనభై ఆరేళ్ళకు ఒకరోజు తక్కువైన మనిషిని రెండు చేతుల మీదా ఎత్తుకుని నిలబడ్డాడు. ఎక్కడ దించాలో ఎవరూ చెప్పలేదు. కిందంతా ఆయిల్. బోల్టులు బిగించడానికని వాల్టర్ తెరిచి ఉంచిన కారు వెనక తలుపు ఎదురుగా కనిపించింది. యెన్స్ రెండడుగులు వేసి, పెద్దాయన్ని తేనెరంగు సీటు మీద జాగ్రత్తగా కూర్చోబెట్టి, మర్యాదగా తలుపు వేశాడు.

ఓట్మార్ వెనక కూర్చోనని తొమ్మిదేళ్ళుగా అంటున్న సంగతి ఊళ్ళో తెలియనివాడు యెన్స్ ఒక్కడే. మాస్ట్ గొంతు సవరించుకుని తోయమన్నాడు. కారు నాలుగు గజాలు వెనక్కి కదిలింది. ఇంజన్ ఆగి ఉంది, మనుషులు నోరు మూసుకుని ఉన్నారు, బయట ఏ చప్పుడూ లేదు.

తలుపు తెరుచుకుంది.

"ఆపండి" అన్నాడు ఓట్మార్. ఆపారు. కొంచెం కిందికి వదలమన్నాడు, వదిలారు. మళ్ళీ తోయమన్నాడు. ఇలా నాలుగుసార్లు అయింది. అగ్నిమాపక దళం వాలు మీద ఆ కారుని ఉయ్యాల ఊపినట్టు ఊపింది. ఓట్మార్ తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

"ఉంది" అన్నాడు చివరికి.

వాల్టర్‌కి ఏడుపొచ్చింది. నాలుగేళ్ళు కష్టపడి నాన్నని ఓడించడానికే బండి తయారుచేసినట్టయింది. "సీటు బోల్టులింకా బిగించలేదు నాన్నా, అదే అయ్యుంటుంది" అన్నాడు.

"బోల్టు కాదురా. ఆయన నోటితో చేసి చూపించేవాడు. ఇదే." ఓట్మార్ సీటు తోలుని అరచేత్తో నిమిరాడు. "ఇరవై మూడేళ్ళు. పాపం."

పొడి చల్లి, ఊడ్చి, బస్తాలకెత్తడానికి పన్నెండు దాటింది. అంతసేపూ ఆయన దిగలేదు. గేర్‌లిండె, "మావయ్యా, సూప్ చల్లారిపోతోంది" అంటే అక్కడికే తెప్పించుకుని తాగాడు. సాయంత్రం వాల్టర్ బోల్టులు బిగించి, కొత్త ఆయిల్ పోసి, ఆ కిర్రు ఎక్కడిదో వెతికి తీసేస్తానన్నాడు. ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాడు నాన్న. ఎర్ర తివాచీ గురించి ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు, అందుకే అందరికీ భయంగా ఉంది.

ఆదివారం ఓట్మార్ నల్ల కోటు వేసుకుని వచ్చి, ఎవరూ చెప్పకుండానే వెనక తలుపు తీసుకుని కూర్చున్నాడు. చర్చి అయ్యాక శ్మశానానికి పోనీయమన్నాడు. వాల్టర్ నడిపాడు. పక్కన యెన్స్. హేబ్ అంటే ఏమిటో రాత్రి భోజనాల దగ్గర అతనికి ఎవరో చెప్పారు. అందువల్ల గేర్‌లిండె ఇచ్చిన పూలగుత్తిని దారి పొడుగునా రెండు చేతులతో పట్టుకుని, ఊపిరి కూడా మెల్లిగా పీలుస్తూ కూర్చున్నాడు. ఫ్యాక్టరీ మలుపు దగ్గర వాల్టర్ చెవులు రిక్కించాడు. అతనికేమీ వినపడలేదు. అద్దంలో చూస్తే నాన్న మెల్లిగా తల ఊపుతున్నాడు.

సౌటర్‌గారి సమాధి ముందు ఓట్మార్ టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు.  ఇరవై మూడేళ్ళూ ఆ పైన తొమ్మిదేళ్ళూ ఒప్పుకోని మాట అంత తేలిగ్గా రాదు.

"కిర్రుమంటోంది, డైరెక్టరుగారూ" అన్నాడు.

టోపీ పెట్టుకుని, వాల్టర్ చెయ్యి పట్టుకుని గేటువైపు నడిచాడు. నాలుగడుగులు వేశాక ఆగి, వెనక్కి తిరిగాడు.

"కాని ముందు సీట్లోకి వినపడదు."