నాలుక చెప్పిన సాక్ష్యం

“నేను తిరిగి రాకపోవచ్చక్కా,” అన్నాడు మా తమ్ముడు ఎల్డన్, కాఫీలో మూడో చెంచా చక్కెర కలుపుకుంటూ. “విస్కాన్సిన్ రాష్ట్రం మొత్తం మీద వేలిముద్రలు పట్టేవాళ్లు వెయ్యిమంది ఉంటారు. నాలుకతో నేరాన్ని పట్టేవాణ్ని నేనొక్కణ్నే. అలాంటివాణ్ని శత్రువులు బతకనివ్వరు.”

వాడు వెళుతున్నది పక్కింటి లీలాండ్ జాస్ట్రో పెరట్లోకి. ఆ పెరడు మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తుంది. అయినా నేను సంచి సర్దుతూనే ఉన్నాను. ఎవరు గడప దాటినా నాకు భయం. మా ఆయన చిన్న పెట్టెతో వెళ్లాడు, మా చెల్లెలు పెద్ద పెట్టెతో వెళ్లింది. రెండూ నేనే సర్దాను, రెండూ తిరిగి రాలేదు. అందుకని సంచిలో రెండు హ్యామ్ సాండ్‌విచ్‌లు, ఫ్లాస్కు, భూతద్దం, బేడీలు పెట్టాను. బేడీలంటే చచ్చిపోయిన మా కుక్క మెడపట్టీ.

ఎల్డన్ ముప్పై నాలుగేళ్లు చీజ్ ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం చేశాడు. రిటైరైన మర్నాడే డిటెక్టివ్ అయ్యాడు. ఇంతవరకు రెండు కేసులు. మొదటిది, మాయమైన పార. అది వాడి ట్రక్కులోనే దొరికింది. రెండోది, చర్చి కాఫీలో విషం. అది విషం కాదు, పాస్టరు గారి భార్య పెట్టే కాఫీయే అంత.

ఇది మూడోది. సెప్టెంబరులో మాకు పన్నెండు మైళ్ల దూరంలో, చిక్కి శల్యమై చచ్చే జబ్బుతో ఒక జింక దొరికింది. అప్పటినుంచి మా కౌంటీలో జింకలకి ఎర పెట్టకూడదు, మేత వెయ్యకూడదు. మొక్కజొన్న, ఆపిల్, ఉప్పు, ఏదీ కూడదు. మొన్న వేట చట్టాలు చూసే వార్డెన్ టోలెఫ్‌సన్‌కి మా ఇంటికీ లీలాండ్ ఇంటికీ మధ్యనున్న స్ప్రూస్ చెట్ల కింద జింకలు నాకి నాకి గుంట చేసిన నేల కనిపించింది. ఎవరో ఉప్పుదిమ్మ పెట్టి తీసేశారంది. సోమవారం, అంటే ఆ రోజే, పదింటికి వచ్చి రెండిళ్లూ చూస్తానంది.

ఆ ఉప్పుదిమ్మ నాదే.

చెవి చిరిగిన ఆడ జింక ఒకటి నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం వచ్చేది. మా ఇంట్లోంచి వెళ్లినవాళ్లందరినీ లెక్క చూస్తే, వేళకి తిరిగొచ్చింది అదొక్కటే. దాని నాలుక అరగదీసి అరగదీసి ఆ దిమ్మని దోనెలా చేసింది. పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఇంట్లో ఉంచితే వార్డెన్ చూస్తుంది. డిటెక్టివ్ సంచిని మాత్రం ఎవరు వెతుకుతారు? ఉన్ని మేజోళ్లలో చుట్టి అడుక్కి తోసేశాను.

“ఏంటక్కా ఇంత బరువుంది?”

“సాండ్‌విచ్‌లురా.”

“కాదు. బాధ్యత,” అని వాడే తేల్చేసి భుజానికి తగిలించుకున్నాడు. నేనూ కోటు వేసుకుని వెనకే వెళ్లాను. సంచిని ఒంటరిగా పంపే ధైర్యం లేదు.

లీలాండ్ మెట్ల మీద కూర్చుని తుపాకీ తుడుచుకుంటున్నాడు. శనివారం నుంచి వేట. పక్కన హాలోవీన్ పండగ నాటి గుమ్మడికాయలు మూడు, చెక్కిన మొహాలు వడిలిపోయి, పళ్లూడిన ముసలాళ్లలా ఉన్నాయి.

ఎల్డన్ మోకాళ్ల మీద కూలబడి భూతద్దం తీశాడు. “లీలాండ్, ఈ శాల్తీకి ముక్కు ఎవరు కోశారు?”

“మా మనవరాలు చెక్కిందిరా. ముక్కుని జింక కొరికేసింది.”

“ఒప్పేసుకున్నాడు. అక్కా, టైము రాసుకో.”

“ఏం ఒప్పుకున్నాన్రా? అది గుమ్మడికాయ.”

ఎల్డన్ కాయ చెంపకి నాలుక ఆనించి కళ్లు మూసుకున్నాడు. “అక్టోబరు సరుకు. కొవ్వొత్తి పొగ. భయం రుచి కూడా తగుల్తోంది.”

“ఒరేయ్, ఆరో తరగతిలో ఫుట్‌బాల్ ఎవరు పంక్చర్ చేశారో కనిపెడతానని దాన్ని కూడా ఇలాగే నాకావు. గుర్తుందా?”

“కనిపెట్టాను కదా.”

“పంక్చర్ చేసింది నువ్వేరా.”

అప్పుడే వార్డెన్ ట్రక్కు వచ్చి ఆగింది. ముప్పై దాటని పిల్ల. కాగితాల అట్ట పట్టుకుని దిగింది. గుమ్మడికాయల్ని చూసింది, ముక్కు లేని దాన్ని ఇంకాసేపు చూసింది, కలం తీసింది.

“లీలాండ్ గారూ, గుంట మీ హద్దులో ఉంది. మేత మీ మెట్ల మీద ఉంది. రాయక తప్పదండి.”

“అమ్మా, రాస్తే ఈ ఏడు వేట లైసెన్సు పోతుంది. మా అన్నయ్య అయోవా నుంచి వస్తున్నాడు. గుండె ఆపరేషనయ్యాక ఇదే మొదటి వేట. ఆఖరిది కూడా కావచ్చంటున్నాడు.”

నిజం చెబితే రేపటినుంచి నా జింక ఎందుకొస్తుంది? చెప్పకపోతే అన్నదమ్ములిద్దరి వేట పోతుంది. నోరు సగం తెరిచాను, మూశాను.

“ఆగండి,” అన్నాడు ఎల్డన్, సంచి దించుతూ. “నేర ప్రపంచం వణికిపోయే సూత్రం ఒకటి చెబుతున్నాను. ఉప్పుదిమ్మ ఎవరి దగ్గర దొరికితే వాడే నేరస్థుడు. వాడి చేతులకి ఇప్పుడే ఈ బేడీలు…”

మెడపట్టీ కోసం చెయ్యి పెట్టాడు. చేతికి మేజోళ్ల మూట తగిలింది. మొహం వెలిగింది.

“అక్కా, చీజ్ పెట్టావా? చెప్పనేలేదే.”

“అది వద్దురా,” అన్నాను. అప్పటికే ఆలస్యమైంది. మూట విప్పి, అంచుని నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, ముప్పై నాలుగేళ్ల ఉద్యోగపు గొంతుతో చదవడం మొదలుపెట్టాడు.

“ఉప్పు ఎక్కువైంది. బాగా ముదిరిన సరుకు. వెనకాల మట్టి. దాని వెనకాల స్ప్రూస్ చిగుళ్లు. నెమరు.” కళ్లు తెరిచాడు. “జింక.”

వార్డెన్ కలం కాగితం మీదే ఆగింది.

“నా నాలుక అబద్ధం చెప్పదు,” అన్నాడు ఎల్డన్, మెల్లగా. “దిమ్మ నా సంచిలో ఉంది. అంటే నేరస్థుణ్ని నేనే. నాకే అనుమానం రాకుండా చేశాను చూడండి. ఇంత తెలివైనవాడు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.” మెడపట్టీ తన చేతికే బిగించుకుని వార్డెన్ ముందుకి చాచాడు.

“ఎల్డన్ గారూ, మీరు దాన్ని నాకారా?”

“వృత్తి ధర్మం.”

“ముందు వెళ్లి నోరు కడుక్కోండి. ఆ జబ్బు మనుషులకి వచ్చినట్టు ఎక్కడా తేలలేదు గానీ, జింకల ఎంగిలి ముట్టుకోవాలంటే మేమే చేతొడుగులు వేసుకుంటాం.”

“నేనే పెట్టానమ్మా,” అన్నాను. “దిమ్మ పెట్టిందీ నేనే, వాడి సంచిలో దాచిందీ నేనే.”

“అక్కా, నన్ను కాపాడాలని అబద్ధాలాడకు.”

“నిన్నెవరు కాపాడతార్రా, నోరు కడుక్కో.”

చిరిగిన చెవి సంగతి, నాలుగేళ్ల సంగతి అంతా చెప్పాను. లీలాండ్ తుపాకీ పక్కన పెట్టి తల దించుకుని విన్నాడు. వార్డెన్ అట్ట మూసేసింది.

“అదొక్కటే రాదమ్మా. మీరు నిద్రపోయాక పది వస్తాయి. అన్నిటి ఎంగిలీ ఒకే చోట. వాటిలో ఒక్కదానికి జబ్బుంటే చాలు, ముందు అంటుకునేది రోజూ వచ్చేదానికే. పైగా ఆ జబ్బు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటుంది.”

ఆ మాట నా మీద నెపం వెయ్యడానికి అని ఉంటే వాదించేదాన్ని. ఆ పిల్ల జింక కోసం చెప్పింది. నేనే పార తెచ్చి ఇచ్చాను. అదే, మొదటి కేసులో దొరికిన పార. గుంటలోని మట్టి మోకాలి లోతు తవ్వి, దిమ్మతో సహా గోతాల్లో కట్టి ట్రక్కులో వేసింది. లీలాండ్ మీద ఏమీ రాయలేదు, నాకు ఒక హెచ్చరిక కాగితం రాసిచ్చింది. లీలాండ్ గుమ్మడికాయల్ని మనవరాలికి తెలియకుండా షెడ్డులో పెట్టుకున్నాడు.

“గంటా పది నిమిషాలు,” అన్నాడు ఎల్డన్, ఉప్పునీళ్లు పుక్కిలిస్తూ. “నా కేసుల్లో ఇదే రికార్డు.” శుక్రవారం సాయంత్రం మా ఊరి బారులో వేయించిన చేప తింటూ మొత్తం కథ చెప్పాడు. అందులో నేను లేను, తనని తనే పట్టుకున్న వాడొక్కడే ఉన్నాడు. లీలాండ్ కళ్లు తుడుచుకుంటూ నవ్వి, వాడికి బ్రాందీ ఇప్పించాడు. నేను ఇంట్లోనే ఉన్నాను.

ఆ వారం అది రోజూ వచ్చింది. తవ్విన చోట అంచు మీద నిలబడేది, నేల వాసన చూసేది, తల ఎత్తి వంటింటి కిటికీ వైపు చూసేది. నేను చేతులు ఏప్రన్ జేబుల్లో పెట్టుకుని తెర వెనక నిలబడేదాన్ని. ఒక జేబులో ఆపిల్ ఉండేది. బయటికి తియ్యలేదు.

చెవి చిరిగిన జింక నవంబరు పదిహేడు, శుక్రవారం, వేటకి ముందురోజు సాయంత్రం నాలుగున్నరకి స్ప్రూస్ చెట్లలోకి వెళ్లింది. తిరిగి రాలేదు.