కింది ఇంటి ఫ్రిజ్

ఆ ఆదివారానికి నాగరాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. టీచరైన భర్త శ్రీనాథ్ కోదాడకు పరీక్ష డ్యూటీకి బయలుదేరగానే వారానికి సరిపడా వంట ఒక్కసారే వండాలి, డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాలి. రేపటి నుంచి పొద్దున వేడి చేసి, అప్పుడే దించినట్టు మొగుడి చేతికివ్వాలి. అతనికి తెలియకూడదు. అత్తకు అసలే తెలియకూడదు.

పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? సూర్యాపేటలో కాపురం, తిరుమలగిరి తహసీల్దారు ఆఫీసులో కొలువు. ఏడుంపావు బస్సు అందాలంటే నాలుగింటికే పొయ్యి ముట్టించాలి. మొన్న బుధవారం బస్సులో నిద్రపోయి రెండు స్టేజీలు దాటాక దిగింది. తహసీల్దారు ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. ఓ రోజు ముందు వండిపెట్టుకుందామంటే శ్రీనాథ్ పెళ్లయిన కొత్తలోనే ఓ మాట అన్నాడు.

"మా అమ్మకు సద్దికూడంటే మంట. కొడుక్కు నిన్నటిది పెడుతున్నవని ఎర్కైతే నీ కొలువు మాన్పిస్తది. నాతోని చెప్పింది గూడ."

మూడుసార్లు పరీక్ష రాస్తే వచ్చిన కొలువది. ఆ మాట గుర్తొచ్చే నాగరాణి ఇన్నాళ్లూ నాలుగింటికి లేచింది.

తొమ్మిదయ్యేసరికి పది డబ్బాలు సిద్ధమయ్యాయి. కొర్రన్నం, సొరకాయ పప్పు, పెసర మొలకలు, చిక్కుడుకాయ కూర, ఉడికించిన గుడ్లు. మూతల మీద సోమ, మంగళ, బుధ అని కాగితాలు అంటించింది. ముద్దొస్తున్నాయి డబ్బాలు. సరిగ్గా అప్పుడే నిడమనూరు నుంచి మామ లక్ష్మీనర్సయ్య ఫోన్ చేశాడు.

"బిడ్డా, మీ అత్త పొద్దుగాలనే వెళ్లింది. మిర్యాలగూడల బస్సెక్కిందట. ఈపాటికి మీ దగ్గర్కి వచ్చినట్టే."

అత్త జంగమ్మ ఏ ఇంటికెళ్లినా ముందు తెరిచేది ఫ్రిజ్. మంచం కింద దాద్దామంటే ఆమె చీపురు పట్టిందంటే మంచం కిందా మిగలదు. వాషింగ్ మెషీన్‌లో నాలుగు డబ్బాలు పెట్టి, ఛీ ఛీ అనుకుని మళ్లీ తీసింది. అత్త వస్తోందని చెబుదామని శ్రీనాథ్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. చివరికి పది డబ్బాలనూ బట్టల టబ్బులో వేసుకుని, పైన తువ్వాలు కప్పి, గబగబా కిందికి దిగింది.

కింద ఇంటివాళ్లు ఉంటారు. ఏసమ్మ చర్చికి పోయింది. ఆమె భర్త సత్యానందం, రిటైరైన హెడ్మాస్టరు, మోకాళ్ల నొప్పులతో వరండాలోనే కూర్చున్నాడు.

"సార్, ఇవి జర మీ ఫ్రిజ్‌ల పెట్టుకోండి. మా అత్తమ్మకు మాత్రం చెప్పకండి, మీ కాళ్లు మొక్కుత."

"అబద్ధం ఆడమంటున్నవా నాగరాణమ్మా?" అన్నాడాయన భయంగా. ముప్పై రెండేళ్లు పిల్లలకు నిజమే చెప్పాలని నేర్పిన మనిషి.

"ఆడొద్దు సార్. ఊరికె ఊకోండి చాలు."

పైకి వచ్చి గిన్నెలు తోముతుండగానే గేటు దగ్గర జంగమ్మ గొంతు వినబడింది. ఆ వెంటనే సత్యానందం గొంతు. ఒక నిమిషం. రెండు. మూడు. నాగరాణి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూడు నిమిషాలు ఏం మాట్లాడుకుంటున్నారు? అయిపోయింది, ఆయన నోరు జారాడు!

జంగమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతులు ఖాళీ. ఎప్పుడొచ్చినా రెండు సంచులు మోసుకొచ్చే మనిషి, ఈసారి వట్టి చేతులతో వచ్చింది. అంటే ఉండటానికి కాదు, తేల్చుకోవడానికే వచ్చింది!

"ఏంది బిడ్డా, గిట్ల సెమటలు పట్టినయ్?"

"ఏం లేదత్తమ్మా. ఉక్క."

జంగమ్మ నీళ్ల సీసా కోసం ఫ్రిజ్ తెరిచింది. డబ్బాలు సర్దడానికి పొద్దున్నే అంతా ఖాళీ చేసింది కదా, లోపల సీసా ఒకటే ఉంది. పెరుగు గిన్నె కూడా లేదు.

"ఇదేంది, ఊడ్చిపెట్టినట్టున్నది? గాడ జూస్తే గిన్నెలు పెండ్లికి తోమినట్టు తోముతున్నవ్!"

నాగరాణి నోటికి వచ్చింది అనేసింది. "చుట్టాలొస్తున్నరత్తమ్మా. అదే, శ్రీనాథ్ బడి సార్లు, డ్యూటీ అయినంక ఆయనతోనే."

"ఎందరు?"

"పది మంది." తలలో డబ్బాల లెక్క తప్ప ఇంకేం లేదు మరి.

"పది మందొస్తుంటే పొయ్యి మీద ఏం లేకపాయె! అయ్యో, సప్పుడు జెయ్యవేంది? పో, రెండు కిలోల కోడి పట్టుకరా పో!" జంగమ్మ కొంగు నడుముకు చుట్టింది.

అలా రాని పది మందికి వంట మొదలైంది. కోడి వచ్చింది, బియ్యం నానింది, బగారన్నానికి మసాలా వేగింది. కోడి ముక్కలకు ఉప్పు పట్టిస్తూ నాగరాణి లోలోపల లెక్క వేసుకుంది. సార్లు రారు. రాకపోతే ఎందుకు రాలేదంటుంది. మరి గిన్నెలెందుకు తోమావంటుంది. అక్కడి నుంచి డబ్బాలు ఎంత దూరం? డబ్బాల నుంచి కొలువు ఎంత దూరం? పదకొండోసారి శ్రీనాథ్‌కు ఫోన్ చేసింది. స్విచాఫే.

వింతేమిటంటే జంగమ్మ కూడా నిలకడగా లేదు. ఐదు నిమిషాలకోసారి మెట్ల వైపు తొంగి చూస్తోంది. "కిందాయన మంచోడేనా? నోట్లె మాట ఆగుతదా?" అని అడిగింది కూడా. నాగరాణి వినపడనట్టు గరిటె గబగబా తిప్పింది.

పన్నెండున్నరకు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒక్కో మెట్టుకూ "ప్రభువా" అనుకుంటూ సత్యానందం పైకి వస్తున్నాడు. ఒక చేతిలో టబ్బు, ఇంకో చేతిలో పెద్ద గుడ్డమూట. తెచ్చి గడపలో పెట్టాడు.

"నాగరాణమ్మా, ఇవి నీ డబ్బాలు. జంగమ్మా, ఇది నీ మూట. ఆమెకు చెప్పొద్దని నువ్వంటివి, నీకు చెప్పొద్దని ఆమె అనె. నేను ఎవ్వరికి చెప్పలే. కని కింద ఫ్యూజు కొట్టేసి గంట సేపాయె కరెంటు పోయి. నా ఫ్రిజ్‌ల ఖరాబైతే ఆ పాపం నాకెందుకు తల్లీ?"

ఆయన వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగిపోయాడు.

టబ్బు మీది తువ్వాలు జారింది. జంగమ్మ ఒక డబ్బా చేతిలోకి తీసుకుని, "మీద ఏం రాసినవ్?" అంది.

"సోమవారం." నాగరాణికి ఇక ఏడుపు ఆగలేదు. "అది మంగళవారం. వారానికి ఒక్కపారే వండిన అత్తమ్మా. నాలుగింటికి లేవలేకపోతున్న. నన్నేమన్న అనండి, కొలువు మాత్రం మాన్పియ్యకండి!"

జంగమ్మ నోరు తెరుచుకుని చూసింది. "కొలువు మాన్పిచ్చుడేంది? నా మూట జూస్తే నువ్వేడ పారబోస్తవో అని నేను దడదడ వణుకుతున్న గద!"

మూట విప్పింది. గట్టిగా కాల్చిన జొన్నరొట్టెలు దొంతర్లుగా ఉన్నాయి. పక్కనే నువ్వుల పొడి, అవిసెల పొడి.

"మీ మామ గొర్లను తోలుకోని పోతే మళ్ల ఎన్నడొస్తడో ఎర్కుండేది కాదు. ఎనిమిది దినాలకు గిట్లనే కాల్చి, మూట గట్టి పంపేదాన్ని. పాతికేండ్లు అవ్వే తిన్నడు, గుండులెక్క ఉన్నడు. నీకు పొద్దుగాల తిప్పలైతున్నదని చేసుకొస్తిని, నీ మనసు జూసి ఇద్దామని కింద పెట్టిన. మరి నువ్వు నిన్నటిది ముట్టవట, బజార్ల పారేస్తవట గద?"

"ఎవరన్నరు?"

"శ్రీనాథే అన్నడు. నీకు ఎవరు జెప్పిండ్రు, నేను కొలువు మాన్పిస్తనని?"

"ఆయనే చెప్పిండు," అంది నాగరాణి. కళ్లు తుడుచుకుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోజూ పొద్దున పొగలు కక్కే డబ్బా ఎవరి చేతిలోకి పోతోందో ఇద్దరికీ ఒకేసారి తట్టింది.

అప్పుడే ఫోన్ మోగింది. పరీక్ష అయిపోయి, పదకొండు మిస్డ్ కాల్స్ చూసుకున్న శ్రీనాథ్. ఫోన్ జంగమ్మ అందుకుంది.

"అమ్మా? నువ్వెప్పుడొచ్చినవ్? ఏమైంది?"

"ఏం గాలే కొడుకా. నేను, నాగరాణి కూసోని మాట్లాడుకుంటున్నం. అన్ని మాట్లాడుకున్నం. నువ్వు బిరాన రా."

అవతల బస్సు హారన్లు వినబడుతున్నాయి. పొద్దుటి నుంచి నాగరాణి పడ్డ భయమంతా కోదాడ బస్టాండుకు చేరినట్టుంది.

"నేను... రాత్రికి ఇక్కడ్నే ఉంటనేమో అమ్మా, పేపర్లు సీల్ చేసుడున్నది..."

"రాకపోతే మేమే వస్తం," అంది జంగమ్మ చల్లగా.

కోడికూర, బగారన్నం కింది ఇంటివాళ్లతో కలిసి అత్తాకోడళ్లు తిన్నారు. చీకటి పడుతుండగా వచ్చిన శ్రీనాథ్ కంచంలో రెండు గట్టి జొన్నరొట్టెలు పడ్డాయి. అతను తలవంచుకుని రెండూ నమిలాడు.

సోమవారం పొద్దున నాలుగింటికి ఆ వంటింట్లో లైటు వెలిగింది. వేడికూడు కావాలన్నవాడే లేచాడు.