ఏడో నంబరు రాయి

“నేరస్తుడు పాతాళంలో దాక్కున్నా నా కండ్లకు అగుపడతడు, యోహానూ!” అని ప్రకటించి, దేవరాజు టీ గ్లాసనుకుని నా ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

తిమ్మాజిపేటలో అతనికి జిరాక్సు షాపు, నాకు ఆటో. ఊళ్లో ఏది పోయినా తనే పట్టిస్తానని చెప్పుకు తిరిగే డిటెక్టివ్ అతను. బడి నుంచి కబురు రాగానే షాపు మూసి నా ఆటో ఎక్కాడు.

సైన్సు టీచరు రెబెకా మేడమ్ ప్రదర్శన కోసం పన్నెండు ఖనిజాలకు నంబర్లేసి వరండా బల్లమీద పెట్టి, చార్టుల కోసం నాగర్‌కర్నూల్ వెళ్లింది. పేర్ల చీటీ ఆమె బ్యాగులోనే ఉంది. గాజులా మెరిసే ఏడో నంబరు మాయమైంది.

దేవరాజు నా చేతిలో నోట్‌బుక్కు పెట్టాడు. “రాయి పోయింది. రాయి!”

“ఏ రాయి?”

“పోయిన రాయి గురించి రాయి!”

తర్వాత మిగిలిన రాళ్లమీద పడ్డాడు. ఒకటి గోటితో గీకితే పొడి రాలింది. ఇంకొకటి తన కళ్లద్దాలమీద గీశాడు. అడ్డంగా గీత పడింది.

“చూసినవా? అద్దాన్నే కోసింది! మరి ఏడో నంబరు ఏందంటవ్? వజ్రం! ఖనిజంలనే నిజమున్నది!”

గీత పడ్డ అద్దాల్లోంచి అతనికి వంటమనిషి ఎస్తేరమ్మ చేతులు కనిపించాయి. వేళ్లకు తెల్లగా ఏదో మెరుస్తోంది.

“వజ్రం పొడి! ఎస్తేరమ్మక్కా, నేరం ఒప్పుకో!”

“పప్పుల ఉప్పేస్తున్న, తమ్మీ! గీ బడిల ఇన్నేండ్లు వండిన, ఒక్క గుడ్డు సుత ఇంటికి కొంచవోలే.”

పిల్లలందరూ చూస్తున్నారు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని పొయ్యి దగ్గర కూలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

“చాలు, పోదాం పా,” అన్నాను.

“దొంగ పారిపోయిన తొవ్వ కొలవాలె,” అంటూ అతను వెనక్కి అడుగులేసుకుంటూ పెరట్లోకి పోయి, పక్కింటి మేకమీద పడ్డాడు. మేక అరిచి పరుగెత్తింది. అది అంతదాకా నాకుతున్న రాయి అక్కడే ఉంది. నున్నగా అరిగి, తడితడిగా. దానిమీద ఏడు అంకె సగమే మిగిలింది.

అప్పుడే బస్సు దిగి వచ్చిన రెబెకా మేడమ్ దాన్ని చూసి నవ్వింది.

“ఉప్పురాయి, దేవరాజన్నా! సైంధవలవణం. అది సుత ఖనిజమే.” సుత్తితో కొట్టి చూపించింది. చిన్న చిన్న డబ్బాల్లా, నున్నటి అంచులతో విరిగింది. “గట్టితనం, విరిగే తీరు, రుచి, అన్నీ గుర్తులే. మేక రుచి చూసి గుర్తువట్టింది.”

దేవరాజు మూడో నంబరు రాయి అందుకుని నాలుక చాచాడు.

“నాకొద్దన్నా! కొన్నిటిల విషముంటది!”

అతను రాయి దించి గొంతు సవరించుకున్నాడు. “మొత్తానికి కేసు నేనే...”

ఎస్తేరమ్మ గరిటెతో వచ్చి ఎదురుగా నిలబడింది. “నన్ను దొంగన్నప్పుడు అందరుండిరి. ఇప్పుడు సుత అందరి ముంగట చెప్పు.”

భోజనాల వరుస ముందు దేవరాజు గీత పడ్డ కళ్లద్దాలు తీశాడు. “ఎస్తేరమ్మక్క దొంగ కాదు. దొంగ మేక. తప్పు నాది,” అన్నాడు. పిల్లలు పడీపడీ నవ్వారు.

ఆమె మాత్రం నవ్వలేదు. గరిటె అతని చేతిలో పెట్టింది. “వడ్డించు.”

సగం పప్పు పళ్లాల్లో, సగం తన చెప్పులమీద పోసుకుంటూ అతను వరుసంతా తిరిగాడు. ఆ రోజు ఎస్తేరమ్మ పిల్లల పక్కనే కూర్చుని, అన్నం వేడిగా ఉండగానే తిన్నది.