సగం నొక్కుడు

ఆయాసపు రోగుల కోసం పెద్దాసుపత్రిలో కట్టిన కొత్త వార్డు ఉదయం సరిగ్గా పది గంటలకు ప్రారంభమైనట్టు ముందురోజు సాయంత్రమే రిజిస్టరులో నమోదైంది. ఆ మాత్రం ముందుచూపు లేనిదే ఆసుపత్రులు నడవవు. లోపల బల్ల మీద మందు ఆవిరి పట్టే మెషీను తళతళలాడుతోంది. కరెంటు ఉంది, మందు ఉంది, నర్సమ్మ ఉంది. లేనివల్లా ఫొటోలే. ప్రారంభోత్సవం తాలూకు ఆరు ఫొటోలు తీయడం పూర్తయ్యేదాకా మెషీనును ఏ రోగి ముక్కుకీ తగిలించరాదని నిబంధన. సబబే కదా, ఫొటో లేకుండా రోగికి నయమైతే నయమైనట్టు రుజువేముంటుంది?

ఈ భారమంతా ఆసుపత్రి ఫొటోగ్రాఫరు మీద పడింది. ఆయన్ని అందరూ క్లిక్కుగారనే పిలుస్తారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన ఫొటో తీయకుండా తెగిన రిబ్బను లేదు. ఆ రోజు మాత్రం ఆయన మనసు మనసులో లేదు. వార్డు గుమ్మం దగ్గర చక్రాల కుర్చీలో, గళ్ల శాలువా కప్పుకుని కూర్చున్న రోగి స్వయానా ఆయన అత్తగారు. పొద్దుటినుంచి ఆవిడకి ఊపిరాడటం లేదు. మెషీను పదడుగుల దూరంలోనే ఉంది.

ఆసుపత్రి కమిటీ అధ్యక్షులవారు పరివారంతో విచ్చేశారు. అందరివీ మల్లెపువ్వుల్లాంటి తెల్లబట్టలు. వెనక కొత్తగా సున్నం కొట్టిన తెల్లగోడ. పరిశుభ్రతకు గుర్తుగా రిబ్బను కూడా తెల్లదే కట్టారు. క్లిక్కుగారు బటన్ నొక్కారు. లెన్సు గుర్రుమంటూ ముందుకెళ్లింది, వెనక్కొచ్చింది, మళ్లీ ముందుకెళ్లింది, అంతా తెలుపే కావడంతో పట్టుకోవడానికి ఒక్క గీతైనా దొరక్క చతికిలబడింది. ఫోకస్ కుదరనిదే ఆ కెమెరాలో షట్టరు పడదు. అధ్యక్షులవారు కత్తెర గాల్లో పెట్టి, చిరునవ్వు బిగించి, అలాగే నిలబడ్డారు.

లెన్సు పక్కనున్న చిన్న మీటను జరిపి, చేత్తో ఫోకస్ తిప్పుకుంటే అర నిమిషం పని. కానీ ఆ మీట మీద లక్క సీలు ఉంది. పోయినేడాది ఒక సభలో క్లిక్కుగారు చేత్తో ఫోకస్ తిప్పితే అధ్యక్షులవారికన్నా ఉపాధ్యక్షులవారు స్పష్టంగా వచ్చారు. దానిమీద త్రిసభ్య సంఘం నాలుగు నెలలు కూర్చుని, మనిషికి అభిమానాలుంటాయి, యంత్రానికి ఉండవు కనుక, ఎవరు స్పష్టంగా కనబడాలో ఇకపై యంత్రమే నిర్ణయించాలని తేల్చింది. సీలు పగిలితే ఆయన ఉద్యోగం ఊడుతుంది.

సూపరింటెండెంటుగారు లోపాన్ని శాస్త్రీయంగా పరిశీలించారు. బ్యాటరీ తీయించి, మళ్లీ పెట్టించారు. మెమరీ కార్డును ఊదించారు. లెన్సు తుడిపించి, అది కెమెరాకి తగులుకునే చోట ఉన్న లోహపు చుక్కల్ని పొడిగుడ్డతో రుద్దించారు. అయినా షట్టరు పడకపోయేసరికి కెమెరా అలిసిపోయిందని నిర్ధారించి దానికి పావుగంట విశ్రాంతి మంజూరు చేశారు. ఈలోగా పెద్దలకు చల్లటి పానీయాలు వచ్చాయి. గుమ్మం దగ్గర అత్తగారి పిల్లికూతలు వరండా చివరిదాకా వినబడుతున్నాయి.

క్లిక్కుగారు నీళ్లు నములుతూ ఒక ఉపాయం విన్నవించుకున్నారు. గళ్ల శాలువా మనిషిని అధ్యక్షులవారి స్థానంలో ఒక్క క్షణం ఉంచితే లెన్సుకి గీతలు దొరుకుతాయి. బటన్ సగం నొక్కి పడితే ఫోకస్ అక్కడే నిలుస్తుంది. ఆవిణ్ణి పక్కకి తీసి అధ్యక్షులవారు నిలబడగానే పూర్తిగా నొక్కడమే. త్వరగా తెమిలితే అత్తగారికి ఆవిరి అందుతుందని ఆయన ఆశ.

అధ్యక్షులవారు చలించిపోయారు. "పేదల మీద దృష్టి పెట్టాలని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను," అన్నారు గద్గదంగా. "దృష్టి కుదిరాక వాళ్లని పక్కకి తీయడంలో మాత్రం జాప్యం పనికిరాదు."

జాప్యం జరగలేదు. కుర్చీ వచ్చింది, సగం నొక్కారు, కుర్చీ పోయింది, అధ్యక్షులవారు వచ్చారు, షట్టరు పడింది. ఆయన కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టత. దాంతో పెద్దలకు ఉత్సాహం పుట్టుకొచ్చింది. రిబ్బను కత్తిరించే ఫొటో ఇటునుంచొకటి, అటునుంచొకటి, గడప దాటుతూ ఒకటి, మెషీనును నిమురుతూ ఒకటి. ప్రతిదానికీ అత్తగారిని నెట్టుకురావడం, నెట్టేయడం. అయిదో ఫొటో అయ్యేసరికి ఆవిడ పెదవులు నీలంగా మారాయి.

ఆరోది అసలు ఫొటో: రోగికి ఆవిరి పడుతున్న అధ్యక్షులవారు. రోగి పాత్రకు సూపరింటెండెంటుగారు జుట్టు చెరుపుకుని సిద్ధమయ్యారు.

"అల్లుడుగారూ," అంది అత్తగారు, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ. "ఇంక... నన్ను... నెట్టకండి."

ఇరవై రెండేళ్లలో క్లిక్కుగారు పై అధికారికి ఎదురు చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు, నిక్షేపంలాంటి అబద్ధం చెప్పారు. ఆవిరి కదిలే వస్తువనీ, దానికి సగం నొక్కుడు చాలదనీ, మాస్కు ఈ శాలువా ఆవిడకే పెట్టి మెషీను నడిపిస్తే కెమెరా మెల్లగా అలవాటు పడుతుందనీ, పావుగంట ఎవరూ కదలకూడదనీ అన్నారు.

"రోగికి తగిలించకూడదుగా? రూలు ఉంది," అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఇది వైద్యం కాదండీ, ఫోకస్," అన్నారు క్లిక్కుగారు.

నర్సమ్మ ఆయన మొహంలోకి ఒకసారి చూసి, మాస్కు బిగించి మెషీను ఆన్ చేసింది. పెద్దలంతా పళ్లు బయటపెట్టి పావుగంటసేపు శిలల్లా నిలబడ్డారు. ఒకరికి ముక్కు దురద పెట్టినా గోక్కోలేదు. క్లిక్కుగారి వేలు బటన్ మీద లేనేలేదు. ఆయన కెమెరాలోంచి అత్తగారి ఎదురొమ్మునే చూస్తున్నారు. ఎగిరెగిరి పడేది కాస్తా నెమ్మదించి, పెదవులకి రంగు వచ్చేసరికి ఆయనకి కన్నీళ్లు ఆగలేదు. అప్పుడు నొక్కారు.

ఆ ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. రోగి పక్కన పావుగంట కదలని నాయకుడని అధ్యక్షులవారిని ఊరూవాడా మెచ్చుకున్నారు. ఆసుపత్రికొచ్చే జనం మాత్రం కిటుకు పట్టేశారు: వైద్యానికైతే చీటీ కావాలి, ఫోకస్‌కి అక్కర్లేదు. ఇప్పుడు ఆయాసంతో వచ్చినవాళ్లు చీటీ కౌంటరు దగ్గర ఆగరు. నేరుగా క్లిక్కుగారి గదికెళ్లి, మాక్కూడా కాస్త ఫోకస్ పెట్టించండని బతిమాలుకుంటారు. ఆయన కెమెరా పట్టుకుని ఎదురుగా నిలబడితే, నర్సమ్మ మాస్కు పెడుతుంది. పోయినవారం ఆయన జ్వరమొచ్చి రెండురోజులు సెలవు పెడితే, ఫొటోగ్రాఫరు లేని ఆసుపత్రి ఎందుకని జనం గేటు ముందు గొడవ చేశారు. ఆ వార్డుకి డాక్టర్ని ఇంతవరకు వేయనేలేదు. ఎందుకు వేయలేదని వాళ్లెవరూ అడగలేదు. ఇంతసేపూ చదివారు, మీరూ అడగలేదు.