వెక్టర్ ఉండగా కెమెరా ఎందుకు?

మంచి ఫొటో తీయించుకోవడం శుద్ధ దండగ. ఈ మాట చోడవరం మెయిన్‌రోడ్డు మధ్యలో నిలబడి ఎవరితోనైనా అంటాను. మన బాబీ ఫ్లెక్సుల షాపు ఉన్నంతకాలం మీకా బెంగ అక్కర్లేదు.

తెలియనివారికి చెబుతాను. ఫొటో అంటే చుక్కలు. ఫ్లెక్సంత సాగదీస్తే గళ్ళు గళ్ళుగా చెదిరిపోతుంది. దాన్నే కంప్యూటర్లో గీతల బొమ్మగా మార్చేస్తే వెక్టర్. ఇక కొండంత చేసినా చెక్కుచెదరదు! పైగా ముడతలు, మచ్చలు, గాట్లు అన్నీ తనే ఏరి పారేస్తుంది. ఇంత ఉపకారం కన్నవాళ్ళు చేస్తారా?

దేవదానం పాస్టరు గారి సువార్త సభల ఫ్లెక్సు చూశారా? అరవై దాటిన మనిషి పాతికేళ్ళవాడయ్యారు. ఆయన భార్య జ్ఞానకుమారి అమ్మగారు ఆయన్ని దాని పక్కన నిలబెట్టి, ఆ అబ్బాయి మీకేమవుతాడని అడిగారట. గోవాడ వైపు ఒక తండ్రీకొడుకులు పుట్టినరోజులకి చెరో ఫ్లెక్సు వేయిస్తే రెండిటిలోనూ ఒకటే ముఖం. ఎంత సుఖం! వచ్చే ఏడు పేరు మారిస్తే చాలు.

అందుకే మొన్న మా అమ్మ అచ్చియ్యమ్మ పోయినప్పుడు నేను కంగారు పడలేదు. పెద్దకర్మకి వీధి మొదట్లో పదడుగుల ఫ్లెక్సు కట్టకపోతే ఊళ్ళో తలెత్తుకోగలమా? ఇల్లంతా వెతికితే ఒక్క ఫొటో దొరికింది. నాయకుడొకాయన దుప్పట్లు పంచినప్పటిది. ఆయన నిండుగా నవ్వుతున్నాడు. ఓ చివర దుప్పటి అందుకుంటూ అమ్మ, గోరంత ముఖం.

"ఇందులో ఏటీ కనపడట్నేదు బాబూ. వెక్టర్ సేసెత్తాను గానీ, గెడ్డం మీద ఏదో సుక్కుంది, అది పోతాది" అన్నాడు బాబీ.

"పోతే పోనీ" అన్నాను. అది అమ్మ పచ్చబొట్టు. చిన్నప్పుడు చెల్లెలితో కలిసి పొడిపించుకున్నది.

ఫ్లెక్సు అద్భుతంగా వచ్చింది. నున్నటి బుగ్గలు, తీర్చిన కనుబొమలు. దుప్పటి అందించిన నాయకుడి వేళ్ళు రెండు అమ్మ చీర మీద పువ్వులైపోయాయి.

ఆ చెల్లెలే మా కనకదుర్గ పిన్ని. ఒంట్లో బాగోక ఆఖరి చూపుకి అందలేకపోయింది. పెద్దకర్మనాడు రోలుగుంట నుంచి వచ్చి ఫ్లెక్సు ముందు ఆగింది. కళ్ళద్దాలు తుడుచుకుని పైనుంచి కిందిదాకా చూసింది. నేరుగా లోపలికి వచ్చింది.

"ఒరే, అక్క మొకం ఒక్కసారి సూసుకుంటాను. ఫొటో ఏదిరా?"

నేను ఫోను తీశాను. అందులో తొమ్మిది వేల ఫొటోలున్నాయి. మాడుగుల హల్వా ఉంది, కొత్త బండి ఉంది, నాయకులతో నేను దిగినవి నలభై దాకా ఉన్నాయి. పిన్ని నా భుజం పట్టుకుని తొంగి చూస్తూ నిలబడింది. నేను వేలితో జరుపుతూనే ఉన్నాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

పాఠకులారా, వెక్టర్‌ని ఏమీ అనకండి. అది నిన్నగాక మొన్న వచ్చింది. మా అమ్మ నలభై ఏళ్ళు నా ఎదురుగానే తిరిగింది. ఈ ఫోను చేతికొచ్చాకైనా, ఒక్కసారి ఆమె వైపు తిప్పాలని నాకు తోచలేదు.