నీలం తలుపుల దగ్గర ఎడమకు

గురువారం పొద్దున్న ఇలేర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య ఒడెట్ సంతకు వెళ్లి తిరిగొచ్చేలోగా వీధివైపున్న నాలుగు కిటికీ తలుపులకూ రంగు మార్చేయాలి. అంతే. అరవై నాలుగేళ్ల మనిషి తన ఇంటి కిటికీకి తాను రంగు వేసుకుంటే ఊరు ఊరంతా తలకిందులవుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

బుర్గండీ కొండవాలుకు అంటుకుని ఉన్న మోంషార్నిలో ఒక చర్చి, ఒక బావి, నూట నలభై మంది జనం, ఇంటింటికీ కొంత ద్రాక్షతోట. ఒడెట్ అన్న గస్పార్ తోట దక్షిణం వాలులో ఎండ కాచుకుంటుంది. ఇలేర్ తోట ఉత్తరం వాలులో చలికి వణుకుతుంది. పైగా ఇలేర్‌కు వడగళ్లంటే భయం. అందుకని అందరికంటే పది రోజులు ముందే కాయ కోసేస్తాడు. ఆ పుల్లటి వైను తాగినవాడు ముందు ఒక కన్ను మూసుకుంటాడు. తర్వాత రెండోది కూడా మూసుకుంటాడు. ఆ తర్వాత ఇంటికి వెళ్లిపోతాడు.

ఇలేర్ మాత్రం తప్పంతా వైనుది కాదనీ, సైకిలు యాత్రికులదనీ పదకొండేళ్లుగా వాదిస్తున్నాడు. ఈ యాత్రికులది ఒక వింత ధోరణి. గైడు వెంట ఉంటే స్వేచ్ఛ పోతుందట. అందుకని తమకు ఎవరూ దారి చూపించకుండా ఉండడానికి ఒక కంపెనీకి డబ్బు కడతారు. కంపెనీ వాళ్లకు తలా ఒక సైకిలూ, ఇద్దరిద్దరికి కలిపి ఒక చిన్న పుస్తకమూ ఇచ్చి, సామాను వ్యానులో ముందుకు పంపిస్తుంది. సామాను నీడపట్టున హోటలు చేరి విశ్రాంతి తీసుకుంటుంది. దాని యజమానులు ఎండలో కొండలెక్కుతూ ఉంటారు.

ఆ పుస్తకంలో మోంషార్ని గురించి మూడు వాక్యాలున్నాయి. "బావి దాటగానే నీలం కిటికీ తలుపుల ఇల్లు వస్తుంది. అక్కడ ఎడమకు తిరగండి. సందు చివర గస్పార్ గారి నేలమాళిగలో వైను రుచి చూడండి, అద్భుతం." ఆ నీలం తలుపుల ఇల్లు ఇలేర్‌ది. అతని తలుపులు నాలుగు భాషల్లో అచ్చయ్యాయి. అతని వైను గురించి ఏ భాషలోనూ ఒక్క ముక్క లేదు.

ఆ పొద్దున్న కాఫీలో రొట్టె ముంచుకుంటూ ఒడెట్ తేల్చి చెప్పేసింది.

"ఇదిగో, నేను తిట్టడం లేదు. ఉన్నమాట చెప్తున్నా. కింద మూడేళ్ల వైను పేరుకుపోయింది. నవంబరులో సెయింట్ మార్టిన్ పండక్కి కౌళ్లు రాసుకుంటారు కదా, ఈలోగా ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు, నీ వైను ఒక గ్లాసు తాగి, తాగడానికి ఇంకో గ్లాసు అడిగాడా, తోట నీది. లేదా, మా అన్నయ్యకి కౌలు."

"మీ అన్నయ్యకా! అది మా తాత నాటిన తోటే!"

"తోట మీ తాత నాటాడయ్యా. వైను నువ్వు చేస్తున్నావు. గొడవ అక్కడొచ్చింది."

ఆమె బుట్టలు సర్దుకుని వెళ్లగానే ఇలేర్ కొట్లోంచి ట్రాక్టరుకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు డబ్బా తీశాడు. నీలం కనబడకపోతే యాత్రికులు ఎడమకు తిరగరు. తిరగకపోతే తికమకపడి అక్కడే ఆగుతారు. ఆగినచోట పళ్లెంలో గ్లాసులతో తానుంటాడు. ఇందులో ఒక్కటే చిక్కు. మోంషార్ని చర్చికి ఎనిమిది వందల ఏళ్లు. దాని కంటపడే ఏ కిటికీకైనా రంగు మార్చాలంటే పాతకట్టడాల అధికారి అనుమతి కావాలి. దరఖాస్తుకు జవాబు వచ్చేలోగా కిటికీ పుచ్చిపోతుంది. ఇలేర్ దరఖాస్తు పెట్టలేదు. తొమ్మిది గంటలకల్లా నాలుగు తలుపులూ పచ్చగా మెరిశాయి.

పది గంటలకు లిల్లే నుంచి వచ్చిన పళ్ల డాక్టరు బస్తియానూ, అతని భార్య క్లోటిల్డూ రొప్పుతూ బావి దాటారు.

"ఇక్కడ నీలం లేదే, క్లోటిల్డ్."

"నీలం దగ్గరే తిరగమంది పుస్తకం. నీలం వచ్చేదాకా పద."

ఇలేర్ పళ్లెంతో ఎదురొచ్చాడు. "రండి రండి, ఎండన పడి వచ్చారు, ఒక్క గ్లాసు పుచ్చుకుని..."

"థాంక్సండీ. ఇక్కడ ఆగమని పుస్తకంలో లేదు," అని బస్తియాన్ మర్యాదగా పెడలు తొక్కాడు.

రెండు వందల గజాల అవతల, రిటైరైన టీచరమ్మ ఇంటికి పాతకాలం నుంచీ నీలం తలుపులే. దంపతులు అక్కడ ఎడమకు తిరిగారు. ఆ బాట గస్పార్ దగ్గరకు పోదు. ద్రాక్షతోటల్లో పడి, కొండను చుట్టి, చర్చి వెనకనుంచి మళ్లీ బావి దగ్గరే తేలుతుంది. ఆ దారిలో ఊరి పేరు రాసిన బోర్డు కూడా లేదు. ముప్పావుగంట తర్వాత చెమటలు కక్కుతూ మళ్లీ ఇలేర్ ఇంటి ముందుకే వచ్చారు.

"చూశావా, రెండో ఊళ్లోనూ బావి ఉంది," అని క్లోటిల్డ్ పుస్తకంలో ఒక గడి కొట్టేసింది. ఆ రోజు యాత్రలో ఏడు చారిత్రక గ్రామాలు చూపిస్తామని కంపెనీ మాటిచ్చింది. ఏడు గడులు.

"చర్చి కూడా అచ్చం అదే. ఒకే మేస్త్రీ కట్టుంటాడు."

"అరె, ఇక్కడ కూడా పళ్లెం పట్టుకుని ఒకాయన నిలబడ్డాడు!" అంది క్లోటిల్డ్ ఆశ్చర్యపోతూ.

"ఈ ప్రాంతపు ఆచారమయ్యుంటుంది. బోంజూర్ చెప్పి పద."

ఇలేర్ నోరు తెరిచాడు. ఇది ఆ ఊరేనని చెబితే మరి గస్పార్ ఇల్లెక్కడని అడుగుతారు. నోరు మూసుకున్నాడు. వాళ్లు మూడో గ్రామం చూడడానికి వెళ్లిపోయారు.

ఈ తతంగమంతా రొట్టెల కొట్టువాడు గుమ్మంలోంచి చూస్తున్నాడు. పట్నపు మనుషులు టీచరమ్మ ఇంటి ముందు దిగడం, నీలం తలుపుల వంక భక్తిగా వేలు చూపించుకోవడం, వినయంగా ఎడమకు తిరగడం. మూడోసారి కూడా అదే జరిగేసరికి అతనికి జ్ఞానోదయమైంది. పక్కనున్న జున్ను కొట్టువాడిని పిలిచాడు.

"వీళ్లకి నీలం అంటే పిచ్చిరా. నీలం కనబడితే చాలు, లోపలికి దూరిపోతున్నారు."

నీలం రంగు కోసం మోంషార్నిలో ఎవరూ బజారుకు పోనక్కర్లేదు. తోటలకు తెగులు రాకుండా చల్లే మైలుతుత్తం, సున్నం కలిపిన మందు ఇంటింటా తొట్లలో ఉంటుంది. నిఖార్సైన నీలం. పావుగంటలో రొట్టెల కొట్టు నీలమైంది. అరగంటలో జున్ను కొట్టు నీలమైంది. ఎందుకో తెలియకపోయినా వెనకబడకూడదని మిగతా వీధి కూడా నీలమైంది.

అప్పుడు గస్పార్ సందులోంచి బయటికొచ్చాడు. "ఏం బావా, పొద్దున్నుంచి ఒక్క సైకిలూ రాలేదేంటి? అవునూ, నీ తలుపులు పచ్చగా ఉన్నాయేంటి?"

"ఎండకి రంగు మారిపోయాయి."

గస్పార్ వీధి వంక చూశాడు. ఏ పనైనా పెద్దయెత్తున చేయడం అతని అలవాటు. నేలమాళిగకు తాళం వేసి, "ఐదు నిమిషాల్లో వస్తాను" అని అట్టముక్క తగిలించి, నిచ్చెన తెచ్చాడు. ఇంటికీ, ధాన్యం కొట్టుకూ, రెండు బండ్లకూ మందు పూశాడు. కుక్కకు పూయలేదంటాడు గానీ, అది కూడా నీలంగానే ఉంది.

నాలుగో గ్రామంలో దంపతులు రొట్టెల కొట్టువాడి పిండి గదిలోకి తిరిగారు. ఐదో గ్రామంలో, నమ్మితే నమ్మండి, సరిగ్గా గస్పార్ నేలమాళిగకే చేరారు. తాళం చూసి, తాళానికి బోంజూర్ చెప్పినంత మర్యాదగా ఒక నిమిషం నిలబడి, వెనక్కి తిరిగారు. యజమాని అప్పుడు నిచ్చెన మీద ఉన్నాడు.

ఆరో గ్రామానికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. ఇద్దరూ ఇలేర్ గుమ్మం ముందు సైకిళ్లతో సహా కూలబడ్డారు. దారిపొడుగునా తడి ఆరని తలుపులకు ఆనుకుంటూ వచ్చినందుకు చేతులు మోచేతులదాకా నీలం.

"ఐదు ఊళ్లలో కాదన్నాం," అంది క్లోటిల్డ్. "ఇక ఈ ఊళ్లోనైనా తాగకపోతే బాగుండదు."

ఇలేర్ గ్లాసు అంచుదాకా నింపాడు. బస్తియాన్ ఒక్క గుక్కలో తాగేశాడు. ముందు ఒక కన్ను మూశాడు. తర్వాత రెండోది. రెండూ తెరిచి గ్లాసు వంక చూశాడు.

"నేను ముప్పయ్యేళ్లుగా పళ్ల డాక్టర్నండీ. ఇది మీరు అమ్మితే నాలాంటివాళ్లు చాలామంది బతుకుతారు."

అప్పుడే అతని గ్లాసులోంచి చివరి చుక్కలు అరచేతిలో పడ్డాయి. పడినచోట నీలం మాయమై, గులాబీరంగు చర్మం బయటపడింది. బస్తియాన్ కళ్లు పెద్దవయ్యాయి.

"ఇంకో గ్లాసు! తొందరగా, ఇంకో గ్లాసు ఇవ్వండి!"

సరిగ్గా ఆ మాట వేళకు ఒడెట్ సంత నుంచి వచ్చి వాకిట్లో నిలబడింది. బుట్ట జారి కిందపడింది. పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఎవరూ వినని మాట అది. ఇలేర్ ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఈలోగా బస్తియాన్ రెండో గ్లాసుతో శుభ్రంగా చేతులు కడుక్కుని, మూడోదానితో భార్య చేతులు కడిగాడు.

"చెల్లదు," అంది ఒడెట్ బుట్ట ఎత్తుకుంటూ.

"అడిగాడా లేదా? నీ చెవులతో విన్నావా లేదా?"

"తాగడానికి అడగాలన్నాను. చేతులు కడుక్కోవడానికైతే బావి ఉంది."

"నువ్వెప్పుడూ మీ అన్నయ్య వైపే!"

"నేను నాలుక ఉన్నవాళ్ల వైపు."

ఆ తగువు తేలకముందే మేయరు ల్యూస్ గారి కేక వీధి మలుపులోంచి వినబడింది. చర్చి మీద గాలివాలు చూపే కోడిబొమ్మ విరిగిందని చూడడానికి నగరం నుంచి పాతకట్టడాల అధికారి వాల్బెర్ గారు ఆ రోజే రావాల్సి ఉంది. వచ్చేశాడు. వెలిసిన రాతిరంగులో ఉండాల్సిన ఊరు నెమలిలా మెరుస్తుంటే చూసి బావి గట్టు మీద చతికిలబడ్డాడు. నీలం కుక్క వచ్చి ఆయన బూటు వాసన చూసి వెళ్లింది.

"అమ్మా, ఏమిటిది?"

"ఉదయం ఇలా లేదండీ," అంది మేయరమ్మ. "ఒట్టు. మొదలుపెట్టింది ఈ ఇలేరే. వీడి కిటికీలు చూడండి!"

వాల్బెర్ జేబుకత్తితో ఇలేర్ కిటికీని గీకి చూశాడు. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద తెలుపు, అన్నిటికీ అడుగున మళ్లీ ఆకుపచ్చ. ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రెండు వందల ఏళ్లనాటి అసలు రంగు! ఊళ్లో చరిత్ర తెలిసిన మనిషి ఈయనొక్కడే. మేయరు గారూ, ఈయన్ని అభినందించండి."

మేయరమ్మ పళ్లు కొరుకుతూ అభినందించింది. వాల్బెర్ మిగతా వీధి వంక తిరిగాడు. "ఇవాళ పూసిన ఈ నీలమంతా సాయంత్రం ఆరులోగా పోవాలి. పోలేదా, చారిత్రక గ్రామాల జాబితాలో మోంషార్ని పేరు ఉండదు."

ఊరు బ్రష్షులు పట్టుకుని పరుగెత్తింది. నీళ్లతో తోమితే నీలం పోలేదు. సబ్బుతో తోమితే నురగ నీలమైంది, తలుపు నీలంగానే ఉంది. వెనిగరైతే పోతుందని ఎవరికో గుర్తొచ్చింది గానీ, ఊరు మొత్తానికి దొరికింది మూడు సీసాలు. అప్పుడు క్లోటిల్డ్ జనం మధ్యకు వచ్చి, తళతళలాడే రెండు చేతులూ పైకెత్తి చూపించింది.

"మాకు ఇది నాలుగో ఊళ్లో అంటుకుందండీ. ఈ ఊళ్లో పోయింది. ఆ పచ్చ కిటికీలాయన వైనుతో."

జనం ఆ చేతుల వంక చూశారు. తర్వాత నూట నలభై మందీ బకెట్లతో ఇలేర్ గుమ్మం వైపు కదిలారు. పీపాలు ఒకటొకటే ఖాళీ అవుతుంటే ఇలేర్ ముఖంలో సంతోషం లేదు. పోస్తూనే ఉన్నాడు, ఒడెట్ వంక చూస్తూనే ఉన్నాడు. ఒడెట్ చేతులు కట్టుకుని తల అడ్డంగా ఊపుతూనే ఉంది. తాగడానికి ఒక్కడూ అడగడం లేదు.

ఐదున్నరకు గస్పార్ వచ్చాడు, చేతిలో రెండు పెద్ద బాల్చీలతో. అతని ఇల్లూ కొట్టూ బండ్లూ అలాగే ఉన్నాయి. ఇలేర్ నేలమాళిగలో మిగిలింది ఒకే ఒక్క పీపా.

"బావా, ఆ పీపా నాకివ్వు."

"నీకు వైను కరువా? అద్భుతం అని అచ్చేశారుగా!"

"దాంతోనే తోమానురా. మరక ఇంకా నిగనిగలాడుతోంది. నీదైతేనే కరుగుతోంది. టైమవుతోంది బావా!"

మేయరమ్మ వీధిలోంచి అరిచింది. "గస్పార్! నీ ఇల్లొక్కటే మిగిలింది! ఊరి పేరు పోతే నీ పేరే చెప్తా!"

ఇలేర్ నింపాదిగా పీపా మీద కూర్చున్నాడు. "ఇస్తాను. ముందు ఒక గ్లాసు తాగు. మొత్తం. నీ చెల్లెలి ఎదురుగా."

గస్పార్ పదకొండేళ్లుగా ఏదో ఒక వంకతో తప్పించుకుంటున్న గ్లాసు అది. పళ్లనొప్పి అన్నాడు, ఉపవాసం అన్నాడు, ఒకసారి పెళ్లి విందులోంచి కిటికీ దూకి వెళ్లిపోయాడు. ఇప్పుడు దూకడానికి కిటికీలన్నీ తడిగా ఉన్నాయి. తాగాడు. చెవులు రెండూ ముందుకు వంగి, మళ్లీ వెనక్కి వెళ్లాయి. తల మీది టోపీ ఎవరూ ముట్టుకోకుండానే అంగుళం పైకి లేచింది. చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు, అడగండి.

"తాగాను. ఇక పీపా..."

"ఇంకో మాట మిగిలింది," అన్నాడు ఇలేర్. "ఇంకో గ్లాసు కావాలని అడుగు. తాగడానికి."

"నేనడగను!"

చర్చి గడియారం ముప్పావు కొట్టింది. మేయరమ్మ బ్రష్షు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఇంకో..." అన్నాడు గస్పార్.

"వినబడలేదు."

"ఇంకో గ్లాసు పొయ్యి బావా! తాగుతాను!"

పోశాడు. తాగాడు. ఈసారి టోపీ లేవలేదు, గస్పారే కూర్చున్నాడు. ఇలేర్ పీపా దిగి భార్య వైపు తిరిగాడు.

"తాగాడు. అడిగాడు. మళ్లీ తాగాడు," అంది ఒడెట్ నిట్టూర్చి. "ఇంక నేను చెప్పేదేముంది? తోట నీదే."

గస్పార్ నీళ్లు కారే కళ్లతో తలెత్తాడు. "మరి నా కౌలు, ఒడెట్?"

"నువ్వే తాగేశావు కదా అన్నయ్యా."

ఆరు కొట్టేసరికి ఊరు వెలిసిపోయి, చరిత్రాత్మకంగా, చూడముచ్చటగా తయారైంది. బస్తియాన్ దంపతులు రంగు మారిన ఆ ఊరినే ఏడోదిగా లెక్కేసి, ఆ గడి కూడా కొట్టేసి, అన్ని ఊళ్లలోకీ ఈ చివరి ఊరి మనుషులే కలివిడిగా ఉన్నారని మెచ్చుకుని, సామాను ఎదురుచూస్తున్న హోటలు వైపు బయల్దేరారు.

సెయింట్ మార్టిన్ పండగనాడు మోంషార్నిలో ఆ తోటకు కౌలు కాగితం ఎవరూ రాయలేదు. గ్రామసభ మాత్రం సమావేశమై, ఇలేర్ తన వైను రుచిని మెరుగుపరచడానికి ఎన్నడూ, ఎటువంటి ప్రయత్నమూ చేయరాదని ఏకగ్రీవంగా తీర్మానించింది.